ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ల్యాబ్ టెక్నీషియన్ జీతం దేనిమీద ఆధారపడుతోంది?

మన్యం సూక్ష్మదర్శిని (రాయగడ):

అందరికీ నమస్కారం. నేను రాయగడలో ఒక ప్రైవేటు ల్యాబులో టెక్నీషియనుగా పనిచేస్తున్నాను. నాలుగో తరగతి నుంచి పదో తరగతి వరకు పార్వతీపురంలో మేనమామగారి ఇంట ఉండి తెలుగు మాధ్యమంలో చదివాను. ఇంటరు తరువాత విజయనగరంలో రెండేళ్ల డి.ఎం.ఎల్.టి. (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) పూర్తిచేసి, ఆంధ్రప్రదేశ్ పారామెడికల్ బోర్డులో పేరు నమోదు చేయించుకున్నాను. ఉద్యోగంలో చేరినప్పుడు నెలకు 8,000 రూపాయలు ఇచ్చారు, ఇప్పుడు 10,500 వస్తోంది. నాతో ఒకే బెంచీలో చదివిన స్నేహితురాలికి విశాఖపట్నంలో 17,000, మరొకరికి బరంపురంలో ఒక బ్లడ్ సెంటరులో (బ్లడ్ బ్యాంకులో) 22,000 ఇస్తున్నారు. చదువు ఒకటే, మార్కులు కూడా ఇంచుమించు ఒకటే అయినప్పుడు జీతంలో ఇంత తేడా ఎందుకు వస్తోందో, నాలాంటివారు ఏమి చేస్తే అది పెరుగుతుందో అనుభవజ్ఞులు చెప్పగలరా? విశాఖలో ఒక పెద్ద ల్యాబు నుంచి నాకూ 17,000కు పిలుపు వచ్చింది. ఈ నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలి.

నిర్వాహకులు:

చర్చ ఉపయోగకరమైనదే. ఫిర్యాదులు రాసేవారు ల్యాబుల పేర్లు, డాక్టర్ల పేర్లు రాయవద్దని మనవి.

పర్లాకిమిడి పాఠకుడు:

మా ఊళ్లో నేను చూసినంతవరకు కొత్తగా చేరినవారికి 7,000 నుంచి 10,000 వరకు, అయిదారేళ్లు చేసినవారికి 13,000 నుంచి 16,000 వరకు ఇస్తున్నారు. నర్సింగ్ హోములో అయితే రాత్రి డ్యూటీ కలిపి మరో వెయ్యి, రెండు వేలు. మీకు వచ్చేది మరీ తక్కువేమీ కాదు, అయితే ఎక్కువ అని కూడా నేను అనను.

గుణుపురం ల్యాబ్:

పదేళ్లకు పైగా ల్యాబు నడుపుతున్నవాడిగా యజమాని వైపు మాట కూడా వినిపించడం న్యాయమనుకుంటున్నాను. మా దగ్గర రోజుకు సగటున పాతిక మంది రోగులు వస్తారు, వారిలో ఎక్కువ మందికి రాసేది రక్తంలో చక్కెర, హిమోగ్లోబిన్, మలేరియా, వైడాల్ (టైఫాయిడ్) వంటి చవక పరీక్షలే. రీఏజెంటు (పరీక్షకు వాడే రసాయనం) కిట్టు ఒకసారి తెరిస్తే గడువులోగా రోగులు వచ్చినా రాకపోయినా అది పాడవుతుంది కాబట్టి, నగరంలో వంద పరీక్షలకు సరిపోయే కిట్టు మా వద్ద అరవైకే అయిపోయినట్టు లెక్క. దీనికితోడు రోగిని పంపినవారికి ఇచ్చే కమీషను ఉంది. అది ఇవ్వడం తప్పని నాకూ తెలుసు, ఇవ్వని నెలలో రోగులు ఎదురు ల్యాబుకు వెళ్లడమూ తెలుసు. ఇప్పుడు పెద్ద కంపెనీల కలెక్షన్ సెంటర్లు వచ్చి అరవై పరీక్షలు ఒకే ప్యాకేజీ అని ధర సగానికి దించేశాయి. ఇవన్నీ పోగా మిగిలినదాంట్లో అద్దె, కరెంటు, యంత్రం వాయిదా కట్టి జీతం ఇవ్వాలి. పొద్దున్నుంచి సాయంత్రం వరకు రక్తకణాలు లెక్కించే సెల్ కౌంటరులో ట్యూబు పెట్టి మీట నొక్కడం ఒక్కటే చేసే అబ్బాయికి 12,000 దాటి ఇవ్వడం నాకు సాధ్యం కాదు. మైక్రోస్కోపు కింద స్లైడు చదవగలిగి, యంత్రం మొరాయిస్తే కంపెనీ ఇంజినీరు వచ్చేదాకా ఆగకుండా సరిచేసుకోగలిగిన మా పాత టెక్నీషియనుకు 19,000 ఇస్తున్నాను, ఆయన పోతానంటే ఇంకా పెంచుతాను.

జయపురం నైట్ డ్యూటీ:

గుణుపురం వారికి గౌరవపూర్వకంగా ఒక మాట. పంపినవారికి ఇచ్చే కమీషను ఆకాశం నుంచి ఊడిపడదు, అది మా జీతంలోంచే పోతోంది. మార్కెట్టు మార్కెట్టు అని చెప్పే ముందు చట్టం ఏమంటోందో చూడండి. ఒడిశా ప్రభుత్వం 2024లో ఏ నైపుణ్యమూ అక్కర్లేని పనికి రోజుకు 450 రూపాయల కనీస వేతనం ఖరారు చేసింది. నెలకు 26 పనిదినాలు వేసుకుంటే అది 11,700 అవుతుంది. రెండేళ్లు చదివి, జబ్బు రక్తంలో చేతులు పెట్టే అమ్మాయికి 10,500 అంటే ఇటుకలు మోసే మనిషికి చట్టం చెప్పిన కూలి కన్నా తక్కువ. ఇక పనిగంటల విషయం: ఎనిమిది గంటలకు మించి చేయించుకుంటే అదనపు గంటలకు రెట్టింపు చెల్లించాలి, కానీ మా వైపు రాత్రి ఎమర్జెన్సీకి పిలిపించి పొద్దున టీ ఇచ్చి పంపేవారే ఎక్కువ. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల ప్రకారం ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. అమ్మా, మీ దగ్గర ఆ కాగితం ఉందా? లేకపోతే ముందు అది అడగండి, ఎందుకంటే రేపు మరోచోట అనుభవం చూపించాలన్నా అదే ఆధారం.

మన్యం సూక్ష్మదర్శిని (రాయగడ):

నియామక పత్రం లేదండీ. జీతం కూడా సగం బ్యాంకు ఖాతాలో, సగం చేతికి ఇస్తున్నారు.

జయపురం నైట్ డ్యూటీ:

అదే అనుకున్నాను. పదిమంది గాని అంతకు మించి గాని పనిచేసే చోట 21,000 లోపు జీతగాళ్లందరికీ ఈ.ఎస్.ఐ. (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉండాలి, ఇరవైమంది ఉన్నచోట పి.ఎఫ్. కట్టాలి. చేతికిచ్చే సగం ఈ లెక్కల్లోకి రాదు. మీ ల్యాబు చిన్నదైతే అవి వర్తించకపోవచ్చు గాని, మొత్తం జీతం బ్యాంకు ద్వారా రావడం మాత్రం మీకు ఎటు చూసినా మేలే.

బరంపురం బ్లడ్ సెంటర్:

ఈ చర్చలో అసలు ప్రశ్నకు నా వృత్తి నుంచి సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తాను. ఒకే చదువుకు వేర్వేరు జీతాలు ఎందుకంటే, యజమాని డబ్బిచ్చేది చదువుకు కాదు, మీరు వెళ్లిపోతే తనకు ఎంత ఇబ్బంది అవుతుందో దానికి.

మా బ్లడ్ సెంటరునే తీసుకోండి. ఔషధ, సౌందర్య సాధనాల నియమావళి ప్రకారం ఇక్కడ పనిచేసే టెక్నీషియనుకు ఎం.ఎల్.టి. డిగ్రీ ఉంటే రక్తపరీక్షలో ఆరు నెలలు, డిప్లొమా ఉంటే ఏడాది అనుభవం ఉండి తీరాలి. లైసెన్సు పత్రంలోనే అర్హులైన సాంకేతిక సిబ్బంది పేర్లు రాస్తారు. అంటే నేను రాజీనామా చేస్తే యజమాని మరునాడే ఎవరో ఒకరిని తెచ్చి కూర్చోబెట్టలేడు, డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఊరుకోడు. ఆ ఏడాది అనుభవం సంపాదించడానికి నేను తక్కువ జీతానికి పనిచేశాను, ఆ తరువాతే జీతం నిలదొక్కుకుంది. బరంపురంలో ఉన్న మీ సహపాఠి 22,000 వెనక ఉన్నది ఇదే అయి ఉంటుంది.

రెండోది మన ప్రాంతానికి ప్రత్యేకమైన నైపుణ్యం. రాయగడ, కోరాపుట్టు, మల్కన్‌గిరి జిల్లాల్లో మలేరియా ఎంత ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. ర్యాపిడ్ కార్డు ఎవరైనా వేస్తారు, గీత పడిందా లేదా అన్నది ఎవరైనా చదువుతారు. అయితే ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన మలేరియా రకానికి వాడే కార్డుల్లో ఎక్కువ భాగం పరాన్నజీవి విడుదల చేసే ఒక ప్రోటీనును పట్టుకుంటాయి. మందులు వాడి పురుగు చచ్చిన తరువాత కూడా ఆ ప్రోటీను కొన్ని వారాలు రక్తంలో ఉంటుంది కాబట్టి కార్డు పాజిటివ్‌గానే చూపిస్తుంది. నెల కిందట చికిత్స పొందిన పిల్లవాడు మళ్లీ జ్వరంతో వస్తే, ఇది పాత గీతా కొత్త జ్వరమా అన్నది స్లైడు చదివేవాడే తేల్చాలి. రక్తాన్ని గాజు పలకమీద మందపాటి స్మియర్‌గా వేసి, జె.ఎస్.బి. రంగు పట్టించి, ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సు కింద కనీసం వంద ఫీల్డులు చూడకుండా నెగెటివ్ అని రాయకూడదు. ఉంగరంలా కనిపించే పరాన్నజీవిలో రెండు చుక్కలు కనబడ్డాయా, అరటికాయ వంపులో దాని మరో దశ అయిన గామిటోసైట్ కనబడిందా అని చెప్పగలిగిన టెక్నీషియను మాట మీద డాక్టరు మందు మారుస్తాడు. అలాంటివారిని పిల్లల డాక్టర్లు వెతుక్కుంటూ వచ్చి తీసుకుపోవడం నేను చూశాను.

మూడోది సికిల్ సెల్, అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య రక్తజబ్బు. కేంద్రప్రభుత్వం 2023 జూలై 1న నిర్మూలన మిషన్ ప్రారంభించి, ప్రధానంగా గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ల లోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది. సాల్యుబిలిటీ పరీక్షలో ద్రావణం మసకబారితే సికిల్ హిమోగ్లోబిన్ ఉందని తెలుస్తుంది గాని, ఆ మనిషి వాహకుడా (జబ్బు లేకుండా లక్షణాన్ని మోసేవాడా), రోగా అన్నది అది చెప్పదు. దానికి హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే ఎలక్ట్రోఫోరిసిస్, లేదా హెచ్.పి.ఎల్.సి. కావాలి. ఆ యంత్రం నడిపి గ్రాఫులో శిఖరాలను చదవడం నేర్చుకున్నవారు మన జిల్లాల్లో ఇంకా తక్కువే.

ఇక చదువు సంగతి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ల్యాబు వృత్తిని కూడా తన పరిధిలోకి తెచ్చింది. ఇంట్లో కూర్చుని దూరవిద్యలో డిప్లొమా అని చెప్పి డబ్బు తీసుకునేవారిని నమ్మవద్దు. ఆ చట్టం పరిధిలోని కోర్సులను దూరవిద్యలో నడపరాదని యు.జి.సి. 2025లో ఆదేశించింది. డిప్లొమా ఉన్నవారు వీలు చూసుకుని రెగ్యులర్ డిగ్రీ చేస్తే సూపర్‌వైజరు పదవికి దారి తెరుచుకుంటుంది, డిప్లొమాతో ఆ మెట్టు దగ్గర ఆగిపోయినవారు మా దగ్గరే ఉన్నారు.

విశాఖ ఉదయం షిఫ్టు:

నేను పర్లాకిమిడి వాడినే, విశాఖలో ఎన్.ఏ.బి.ఎల్. (ల్యాబుల నాణ్యతను తనిఖీ చేసే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబులో పనిచేస్తున్నాను. చెల్లెమ్మా, 17,000 అనగానే సంతోషపడవద్దు. హాస్టలుకు, భోజనానికి 7,000, సిటీ బస్సుకు, ఫోనుకు మరో 1,500 పోతుంది. పి.ఎఫ్. కోత 12 శాతం ఉంటుంది. పండగకు ఇంటికి వచ్చే ఖర్చు నేను లెక్కలో వేయలేదు. రాయగడలో అమ్మ వంట తింటూ తెచ్చుకునే 10,500 కన్నా నెలాఖరులో మిగిలేది ఎక్కువ ఉండకపోవచ్చు.

అయినా వెళ్లవద్దని చెప్పను. పొద్దున్నే మొదటి రోగి శాంపిలు పెట్టకముందే కంట్రోల్ సీరం (విలువ ముందే తెలిసిన నమూనా) నడిపించి, ఆ అంకె చార్టులో హద్దులు దాటిందేమో చూసి, దాటితే కారణం రాసి సంతకం పెట్టే అలవాటు ఇక్కడే పడుతుంది. చిన్న ల్యాబుల్లో కంట్రోలు సీసా ఖరీదు చూసి కొననివారే ఎక్కువ. ఈ అలవాటు ఉన్న మనిషిని ఎక్కడైనా తీసుకుంటారు. ఇబ్బంది ఏమిటంటే, పెద్ద ల్యాబులో ఒక్క విభాగంలోనే పెడతారు. నేను బయోకెమిస్ట్రీలో చేరి, ఇప్పటికీ బయోకెమిస్ట్రీలోనే ఉన్నాను. మైక్రోస్కోపు ముట్టుకుని చాలాకాలమైంది. చేరేముందే విభాగాలు మారుస్తామని రాతపూర్వకంగా అడగండి.

మీ వైపు నుంచి మాకు వచ్చే శాంపిళ్ల గురించి ఒక మాట చెప్పాలి. రక్తం తీసిన ట్యూబును సెంట్రిఫ్యూజ్ చేసి సీరం వేరుచేయకుండా అలాగే రైల్లో పంపిస్తే, దారిలో ఎర్రకణాల్లోంచి పొటాషియం బయటికి వస్తుంది. ఇక్కడ యంత్రం దాన్ని నిజమైన పొటాషియంగానే చూపిస్తుంది. పొటాషియం 7 అని రిపోర్టు చూసి డాక్టరు కంగారుపడి ఫోను చేస్తే, మనిషి మాత్రం వీధిలో తిరుగుతూ ఉంటాడు. సీరం వేరుచేసి, ఐసు పెట్టెలో సర్ది, ఎన్ని గంటలకు తీశారో రాసి పంపే కలెక్షన్ సెంటర్లు మా జాబితాలో కొన్నే ఉన్నాయి, వాటిలో పనిచేసేవారి పేర్లు మా మేనేజరుకు గుర్తు. ఖాళీ వచ్చినప్పుడు మొదట ఫోను వారికే వెళుతుంది.

గుణుపురం ల్యాబ్:

విశాఖవారు చెప్పిన పొటాషియం సంగతి అక్షరాలా నిజం. జయపురంవారి మాటకు కూడా సమాధానం బాకీ ఉంది. కొత్తగా చేరినవారికి 11,700 కన్నా తక్కువ ఇవ్వకూడదన్న మాటకు నా దగ్గర ఎదురు వాదన లేదు. భారం అవుతుంది, అంతే.

కోరాపుట్టు మాస్టారు:

ప్రైవేటు లెక్కలు చాలా వచ్చాయి కాబట్టి నేను ప్రభుత్వోద్యోగాల గురించి చెబుతాను. సరిహద్దులో ఉన్న తెలుగు పిల్లలు నష్టపోతున్నది ఎక్కువగా ఇక్కడే.

ఒడిశా ప్రభుత్వంలో చేరాలంటే ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. ఏడో తరగతిలో గాని ఆపైన గాని ఒడియాను ఒక భాషగా చదివి ఉత్తీర్ణులై ఉండాలి, లేదంటే ఆ స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాసి నెగ్గాలి. ఇంట్లో ఒడియా గలగలా మాట్లాడే మన పిల్లలు ఈ ఒక్క కాగితం లేక దరఖాస్తు దగ్గరే ఆగిపోతున్నారు. ఒకప్పుడు ఇక్కడ ఏళ్ల తరబడి కాంట్రాక్టు జీతంతో ఉంచేవారు. 2022 అక్టోబరులో ఆ నియామక పద్ధతిని రాష్ట్రప్రభుత్వం రద్దు చేసింది, 57 వేలమందికి పైగా ఉద్యోగులు క్రమబద్ధమయ్యారు. అందువల్ల ఇప్పుడు ఈ కాగితం విలువ మునుపటికన్నా ఎక్కువ. అయితే ఏ సంస్థల డిప్లొమాలు చెల్లుతాయో నోటిఫికేషన్లో విడిగా రాస్తారు, పొరుగు రాష్ట్రంలో చదివినవారు ఆ పేరా చదివాకే రుసుము కట్టాలి.

అమ్మా, నీ విషయంలో మరొకటి గమనించాను. నువ్వు నాలుగు నుంచి పది వరకు పార్వతీపురంలో చదివావు. ఆంధ్రలో స్థానికతను చూసేది ఆ తరగతుల స్టడీ సర్టిఫికెట్లతోనే కాబట్టి, ఇల్లు రాయగడలో ఉన్నా నువ్వు అక్కడ స్థానికురాలివే. అక్కడ జిల్లా స్థాయిలో కాంట్రాక్టు ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 పోస్టులు వేసినప్పుడు సాధారణంగా రాత పరీక్ష ఉండదు. అర్హత పరీక్ష మార్కులకు 75, పాసైన తరువాత గడిచిన ఏళ్లకు గరిష్ఠంగా 10, ప్రభుత్వ కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ సేవకు 15 ఇస్తారు. ఆ సేవ గిరిజన ప్రాంతంలో అయితే ఆరు నెలలకు 2.5, గ్రామంలో 2, పట్టణంలో 1 చొప్పున కలుస్తాయి. పార్వతీపురం మన్యం జిల్లా ఏజెన్సీలో మూడేళ్లు చేసినవారికి పదిహేనుకు పదిహేను వచ్చేస్తాయి, పట్టణంలో చేసినవారికి అదే కాలంలో ఆరు. ఆ కాంట్రాక్టు జీతం నోటిఫికేషన్లలో 32,670 రూపాయలుగా వస్తూ ఉంది. ప్రైవేటు అనుభవానికి మాత్రం ఇందులో ఒక్క మార్కు కూడా లేదు. తెలంగాణలో 2024లో 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు రాత పరీక్ష పెట్టారు, వేతన స్కేలు 32,810–96,890; అక్కడ మనం స్థానికేతరులం కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను.

భాషతో గాని, స్థానికతతో గాని నిమిత్తం లేనిది రైల్వే. ల్యాబ్ అసిస్టెంట్ గ్రేడ్-2 మూల వేతనం 21,700. 2025 జూలై నాటి 58 శాతం కరువు భత్యంతో కలిపి 34,286 అవుతుంది, ఇంటి అద్దె భత్యం వేరు. ల్యాబ్ సూపరింటెండెంటుకు మూల వేతనమే 35,400. పరీక్ష తెలుగులోనైనా, ఒడియాలోనైనా రాయవచ్చు. దేశం మొత్తంమీద పోస్టులు వందలోపో, కాస్త అటూఇటూగానో ఉంటాయి కాబట్టి అదొక్కటే నమ్ముకుని మరే పనీ చేయకుండా కూర్చోవద్దు.

కొండదిగువ టెక్నీషియన్:

మాస్టారి మాటకు ఒక చేదు అనుభవం జోడిస్తాను. ప్రభుత్వ ఆసుపత్రిలో పని అని చెప్పి ఒక ఏజెన్సీ నన్ను తీసుకుంది. కాగితంమీద ఒక జీతం, చేతికి వచ్చేది దానికి మూడు వేలు తక్కువ, అది కూడా రెండు మూడు నెలలకు ఒకసారి. మానేసి సర్వీసు సర్టిఫికెట్టు అడిగితే నెలల తరబడి తిప్పారు. ఆసుపత్రిలో పనిచేసినంత మాత్రాన అది మార్కులకు లెక్కవచ్చే సేవ కాదు. ఎవరి ఆదేశంతో చేరారో, సర్టిఫికెట్టుమీద ఏ అధికారి సంతకం ఉండాలో నోటిఫికేషన్లో ఉంటుంది. చేరినరోజే ఆదేశం ప్రతి దాచుకోండి, నెలనెలా హాజరు పట్టీని ఫోటో తీసుకోండి.

పర్లాకిమిడి పాఠకుడు:

ఎవరి జీతంకోసమో చూడడం ఎందుకు, సొంతంగా ల్యాబు పెట్టుకుంటే సరిపోదా?

బరంపురం బ్లడ్ సెంటర్:

పెట్టవచ్చు, కానీ రిపోర్టుమీద మనం ఒక్కరమే సంతకం చేసి ఇవ్వలేము. పాథాలజీలో పీజీ చేసిన డాక్టరు సంతకం ఉండాలని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. మన చిన్న ఊళ్లలో పాథాలజిస్టు దొరకడమే కష్టం, దొరికితే సంతకానికి నెలనెలా ఇచ్చేది ఒక టెక్నీషియను జీతం కన్నా ఎక్కువ అవుతుంది. సంతకం మాత్రం అమ్ముకుని స్లైడు ముఖం చూడని డాక్టర్లు కూడా ఉన్నారు. అలాంటిచోట రేపు తేడా వస్తే పట్టుబడేది మనమే.

మన్యం సూక్ష్మదర్శిని (రాయగడ):

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. విశాఖవారికి ఫోను చేసి విభాగాలు మార్చే విషయం అడిగాను, రాతపూర్వకంగా ఇవ్వలేమన్నారు. అందుకే ప్రస్తుతానికి వెళ్లడం లేదు. మా యజమానిని నియామక పత్రం, బ్యాంకు ద్వారా పూర్తి జీతం అడిగాను. పత్రానికి ఒప్పుకున్నారు, జీతం 12,000 చేస్తామన్నారు. పార్వతీపురం పాఠశాలలో స్టడీ సర్టిఫికెట్లకు దరఖాస్తు పెట్టాను. మాస్టారూ, ఒడియా పరీక్ష కూడా రాయాలనుకుంటున్నాను. మాట్లాడడం బాగా వచ్చు, రాతలో ఒత్తులు తడబడతాయి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

కోరాపుట్టు మాస్టారు:

ఏడో తరగతి ఒడియా వాచకం, వ్యాకరణం పుస్తకం కొనుక్కో, అంతకుమించి అక్కర్లేదు. రోజూ ఒక పేజీ చూచిరాత, వారానికి ఒక ఉత్తరం, ఒక వ్యాసం రాయి. మీ ల్యాబుకు వచ్చే రోగుల పేర్లు, ఊళ్ల పేర్లు రిజిస్టరులో ఒడియాలో కూడా రాయడం అలవాటు చేసుకుంటే ఒత్తులు వాటంతటవే సర్దుకుంటాయి. రాసిన వ్యాసాలు ఫోటో తీసి ఇక్కడే పెట్టు, దిద్ది పంపిస్తాను.

జయపురం నైట్ డ్యూటీ:

12,000 అన్నారు కదా, నియామక పత్రంలో ఆ అంకెతోపాటు పనిగంటలు కూడా రాయించుకోండి. రాత్రి పిలుపులకు విడిగా ఎంత ఇస్తారో అందులోనే ఉండాలి.